తూర్పు ముఖంగా కూర్చోబెట్టండి, చెస్ అదే వస్తుంది

వేసవి సెలవుల్లో బెజవాడలో పిల్లలకి చెస్ నేర్పడం చాలా తేలికైన పని అని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు. ఏనుగు తిన్నగా వెళ్తుంది, గుర్రం ఎగిరి దూకుతుంది అంటే సరే అంటారు, ఎందుకని అడగరు, ఓడిపోతే కాసేపు ముక్కు చీది మళ్ళీ పావులు పేర్చుకుంటారు. అసలు క్లాసంతా పన్నెండింటికి, రోడ్డు మీద తారు కరిగే టైంకి, గేటు దగ్గర మొదలవుతుంది. అక్కడికి ఏ రోజు ఎవరి అమ్మ, ఎవరి నాన్న, ఏ కొత్త డిమాండుతో వస్తారో బ్రహ్మకి కూడా తెలీదు.

ముందుగా ఫోటోల సంగతి. మా క్యాంపులో రూలేంటంటే రోజూ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టాలి. పిల్లాడు ఏం నేర్చుకున్నాడు అన్నది తర్వాతి విషయం, ఫోటోలో పడ్డాడా లేదా అన్నదే లెక్క. ఒక రాత్రి, మనం అన్నం తిని నడుం వాల్చే వేళకి, ఒకావిడ ఫోన్ చేశారు.

"మేడమ్, ఇవాళ మా వాడి ఫోటో రాలేదండి."

"వచ్చిందండి, మూడో ఫోటో చూడండి, ఎర్ర టీషర్ట్ బాబు వెనకాల."

"అది వాడి చెవండీ."

నిజమే, చెవే. ఫీజు మొత్తం మనిషికి కట్టించుకుని చెవి ఒక్కటే చూపించడం అన్యాయం కాబట్టి మర్నాడు ఆ బాబుకి సోలో ఫోటో తీసి పెట్టాను. ఈసారి వాళ్ళ నాన్నగారు చేశారు. న్యూజెర్సీలో ఉన్న వాళ్ళ బావమరిదికి చెస్ వచ్చట, ఫోటో చూసి "మీవాడి మంత్రి ఏదీ" అని అడిగాడట. పోయిందండి అన్నాను. "ఫోటో తీసేటప్పుడైనా పెట్టాల్సింది కదా మేడమ్" అన్నారాయన, ఎంతో మర్యాదగా. సరే ఆ మర్నాడు మంత్రిని పెట్టి, ఎదుటివాడి రాజుని పడుకోబెట్టి, బాబుని గడ్డం కింద చెయ్యి పెట్టుకోమని బాగా ఆలోచిస్తున్నట్టు తీశాను, ఆ రాత్రి ఎదుటి పిల్లాడి అమ్మగారు, "మా వాడి రాజు అలా పడుకుని ఉందేంటండీ, ఇంట్లో పెద్దవాళ్ళు అశుభం అంటున్నారు."

అప్పట్నుంచీ పావులు పేర్చాక, ఇంకా ఎవరూ ఒక్క ఎత్తు కూడా వెయ్యకముందే ఫోటో తీసేస్తున్నాను. ఆ క్షణంలో క్లాసులో అందరూ గెలిచేవాళ్ళే. పిల్లలు కూడా ఎంత ట్రెయిన్ అయిపోయారంటే నేను ఫోన్ పైకెత్తగానే అందరి చేతులూ గడ్డం కిందకి పోతాయి, దించగానే పక్కవాడిని గిల్లడం మొదలెడతారు.

హమ్మయ్య అనుకున్నానా, ఒక బామ్మగారు స్వయంగా ఆటోలో దిగారు. ఫోటోలో మనవడు దక్షిణం ముఖంగా కూర్చున్నాడట, విద్య నేర్చుకునేటప్పుడు తూర్పుకే కూర్చోవాలట. చిన్న కోరికే, తీర్చొచ్చు అనుకున్నాను. ఆవిడ ఆ మాట గేటు దగ్గర అందరి ముందూ చెప్పారు కాబట్టి మర్నాటికి ఇంకో ముగ్గురు అమ్మలు కూడా తూర్పు అడిగారు. ఇక్కడ చెస్‌లో ఒక పుట్టు లోపం బయటపడింది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు కదా, ఒకడు తూర్పు చూస్తే రెండోవాడు చచ్చినట్టు పడమర చూడాలి. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే పెట్టింది 1924లో, వందేళ్ళు దాటిపోయింది, గడియారం రూల్ మార్చారు, డ్రా రూల్ మార్చారు, ఇంత ముఖ్యమైన సమస్య మాత్రం ఒక్కడికీ పట్టలేదు. చివరికి పరిష్కారం మా క్యాంపులోనే దొరికింది, ఇద్దర్నీ తూర్పు ముఖంగా ఆర్టీసీ బస్సు సీట్లో కూర్చున్నట్టు పక్కపక్కన కూర్చోబెట్టి బోర్డు ముందు పెట్టాం, ఎవరి పావులు ఎవరివో తెలీక ఇద్దరూ తెల్లవే ఆడారు, ఇద్దరూ గెలిచారు, గ్రూపులో ఆ రోజు చప్పట్ల వర్షం.

రేటింగ్, అంటే ఆటగాడి బలానికి ఫిడే ఇచ్చే అంకె, దాని కోసం తహతహలాడే నాన్నలు వేరే జాతి. 2024 డిసెంబర్లో సింగపూర్‌లో గుకేశ్ పద్దెనిమిదేళ్ళకే వరల్డ్ చాంపియన్ అయిన దగ్గర్నుంచీ వీళ్ళు మామూలుగా లేరు. అతను చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు కావడంతో ఇంకా దగ్గరైపోయింది వ్యవహారం. "మావాడికి ఎనిమిది నిండాయండి, ఇంకా పదేళ్ళే టైముంది" అంటాడొకాయన, రైలు తప్పిపోతోందన్న కంగారుతో. క్యాంపు అయ్యేలోపు రేటింగ్ ఇప్పిస్తారా అని ఇంకొకాయన. అయ్యా, ఫిడే రేటింగ్ రావాలంటే ఫిడే గుర్తించిన టోర్నమెంట్లలో, ముందే రేటింగ్ ఉన్నవాళ్ళతో కనీసం 5 గేములు ఆడాలి, ఇప్పుడు మీవాడు గుర్రాన్ని ముద్దుగా గాడిద అంటున్నాడు అని చెప్తే ఆయన ఓపిగ్గా విని, "అదెంత ఎక్స్‌ట్రా అవుతుంది?" అన్నాడు. ఈయనే నాకు చెస్ గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపి వాళ్ళ నాన్నగారు ఉద్యోగం మానేసి కూతురికి నేర్పిన సంగతి పూస గుచ్చినట్టు చెప్పాడు, కొడుకుని తీసుకెళ్ళడానికి మాత్రం పన్నెండింటికి రావాల్సినవాడు రెండింటికి వస్తాడు, అప్పటిదాకా ఆయమ్మ తన అన్నం డబ్బా మూత తియ్యకుండా ఆ పిల్లాడి పక్కన కూర్చుంటుంది.

ఒక్క తాతగారి మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. ఆయన కిటికీ దగ్గర నిలబడి, మా రోజుల్లో రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు, బంటు ఒక్క గడే జరగాలి, ఇప్పుడేంటమ్మా రెండు గళ్ళు దూకించేస్తున్నారు అని బాధపడేవారు. మన పాత పద్ధతి అదే మరి. ఆయన్ని లోపలికి పిలిచి పిల్లలతో ఆ ఆట కూడా ఆడించాను, ఆ రోజు ఫోటోలు తియ్యడం మర్చిపోయాం, రాత్రి గ్రూపులో నా పరువు పోయింది.

ఇక ఆఖరి రోజు టోర్నమెంట్. పోటీలో ముప్ఫై మంది, మెడల్స్ కూడా ముప్ఫై, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఫైనల్లో ఒక పదేళ్ళ పాప గెలిచింది. తొందరపడలేదు, మంత్రులు పోయాక ఒక బంటు ఎక్కువుంది, దానికి రాజుని తోడిచ్చి ఒక్కో గడి నడిపించుకుంటూ ఎనిమిదో వరసకి చేర్చి మంత్రిని చేసుకుంది. ఎదురు కూర్చున్న బాబు కూడా బాగానే ఆడాడు, చెయ్యి కలిపాడు, ఇద్దరూ బయట చెప్పులేసుకుంటున్నారు. అప్పుడొచ్చారు బాబు వాళ్ళ నాన్న. ఎవరి మీద ఓడావని అడిగారు. వాడు పాపని చూపించాడు. "ఆడపిల్ల చేతిలోనా? సిగ్గులేదూ?" అని వీపు మీద ఒక్కటి వేశారు. పాప వింది. ఇంకో చెప్పు వేసుకోకుండా అలాగే నిలబడిపోయింది.

సార్, మీరే ఊళ్ళో నిలబడి ఆ మాటన్నారో తెలుసా? ఇది కోనేరు హంపి ఊరండీ. 2002లో పదిహేనేళ్ళకి గ్రాండ్‌మాస్టర్ అయింది, అప్పటికి ప్రపంచంలో ఏ అమ్మాయీ అంత చిన్న వయసులో కాలేదు. బిడ్డ పుట్టాక తిరిగొచ్చి 2019లో ఒకసారి, 2024లో మళ్ళీ, వరల్డ్ రాపిడ్, అంటే వేగంగా ఆడే చెస్‌లో ప్రపంచ పోటీ, గెలిచింది. ఇక్కణ్ణుంచి గంట దూరం గుంటూరు, అక్కడి గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారిక 2022లో చెన్నైలో జరిగిన దేశాల జట్ల చెస్ ఒలింపియాడ్‌లో నిండు గర్భంతో బోర్డు ముందు కూర్చుని టీముతో పాటు కాంస్యం తెచ్చింది. ఈ పేర్లన్నీ మీకు తెలుసు, ఫ్లెక్సీల మీద చూశారు, నాకే పాఠం చెప్పారు. తెలిసి కూడా ఆ మాట ఎలా వచ్చింది నోటికి? పైగా నెలరోజులుగా మీ అబ్బాయికి చెస్ చెప్తున్నది నేను, అంటే ఒక ఆడమనిషి. మొదటి రోజు మీరు "సార్ ఎప్పుడొస్తారమ్మా" అని నన్నే అడిగారు, అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఓడిపోవడం ఎలాగో వాడికి వచ్చు, అది నేర్పడానికి నాకు నెల పట్టింది, మీరు గేటు దగ్గర అరనిమిషంలో పాడుచేశారు.

ఆయన ఆ రాత్రి గ్రూపులో కొడుకు మెడల్ ఫోటో పెట్టి, కింద ఎవరిమీద గెలిచాడో రాయలేదు, తర్వాత నాకు విడిగా మెసేజ్ పెట్టారు, వచ్చే ఏడాది మగపిల్లలకి వేరే బ్యాచ్ ఉంటే కాన్ఫిడెన్స్ పెరుగుతుంది, ఆలోచించండి అని. ఆలోచించాను సార్. ఆ బ్యాచ్‌కి ఒక సార్‌ని కూడా మీరే వెతుక్కోండి, వీలైతే తూర్పు ముఖం గది చూసుకోండి. నాకు తీరిక లేదు, జూన్ పన్నెండుకి బళ్ళు తెరిచేలోపు ఆ పాపకి ఏనుగుల ఎండ్‌గేమ్ చెప్పాలి, మీవాడు కూడా వస్తానన్నాడు.