బావిలో కాపురం పెట్టిన గడ్డి మందు గారికి

మహారాజశ్రీ అట్రజిన్ గారి దివ్య సముఖానికి, దర్శి వైపు మొక్కజొన్న రైతు ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. మీ క్షేమం గురించి మాకు బెంగ లేదు లెండి. ఎండ తగిలే నేల మీద కంటే చల్లటి బావి నీళ్లలోనే మీకు ఆయుష్షు ఎక్కువట.

మిమ్మల్ని పిలిచింది గడ్డి మీదకు. విత్తిన రెండు మూడు రోజుల్లో, ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో కలిపి తడి నేల మీద కొట్టాం. కలుపు తీయడానికి కూలీలు దొరకని రోజుల్లో ఆదుకున్నారు, కాదనను. చేలో పని అప్పజెబితే బావిలో కాపురం పెట్టడమే బాగాలేదు.

మా ప్రాంతం మర్యాదలూ అలాంటివే అనుకోండి. మందు కొట్టడం కాగానే ట్యాంకును తిన్నగా బావి గట్టుకే తెస్తారు. రెండు చెంబులు పోసి, కుదిపి, అక్కడే ఒంపుతారు. ఇంకొందరు మోటారు పైపు కొసను డ్రమ్ములో మందు నీళ్లలోకి దించి బీడీ వెలిగిస్తారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. నీళ్లు వెనక్కి జారకుండా పైపు అడుగున ఆపే ఫుట్ వాల్వు అరిగిపోయి ఉంటే, నీళ్లు ఎక్కించిన పైపే గుటగుటమంటూ వెనక్కి పీల్చి, కొత్త అల్లుణ్ణి దింపినట్టు మిమ్మల్ని బావిలో దింపుతుంది.

తమరి బలమా సామాన్యమైనది కాదు. తాగే నీటికి మన భారతీయ ప్రమాణం లీటరుకు 2 మైక్రోగ్రాములకు మించి మిమ్మల్ని ఒప్పుకోదు. కొట్టులో అమ్మే 50 శాతం పొడి ఒక్క గ్రాము చాలు, రెండున్నర లక్షల లీటర్లు ఆ హద్దుకు చేరతాయి. ఖాళీ ప్యాకెట్టు మడతల్లోనే అంత మిగిలిపోవచ్చు. మా బావి నిండినా అన్ని నీళ్లు ఉండవు.

భూగర్భ జలాల్లోకి దూరుతున్నారనే యూరోపియన్ యూనియన్ 2004లో మీకు వీడ్కోలు చెప్పింది. మన కేంద్రం 2020 మే నెలలో 27 మందుల నిషేధ ముసాయిదాలో మీ పేరూ రాసింది. ముసాయిదాల సంగతి మీకు తెలియనిదా! మీరు కొట్టు అరలోంచి కదలలేదు.

ఊళ్లో నీటి పరీక్ష పెట్టె ఉంది. ప్రకాశం జిల్లా వాళ్లం కదా, మూత తీయగానే ఫ్లోరైడ్ చూస్తాం. తర్వాత నైట్రేట్, కఠినత్వం. మీ కోసం అందులో ఒక్క సీసా కూడా లేదు. నీళ్లలో మీకు రంగూ కనిపించదు, వాసనా తగలదు, కాచినా కదలరు. పట్టుకునేది ఎవరు?

ఈ పంట కారు నుంచి మా డ్రమ్ము బావికి దూరంగా జరిగింది. పైపు కొస నీళ్లకు జానెడు ఎత్తున వేలాడుతోంది. ట్యాంకు కడిగిన నీళ్లు మళ్లీ చేలోకే, గడ్డి మీదకే. తమకు ఇబ్బంది అనిపిస్తే పక్క చేను వాళ్ల బావి గట్టు మీద పాత మర్యాదలన్నీ అలాగే ఉన్నాయి. వాళ్ల బావికీ మా బావికీ ఊట ఒకటే కాబట్టి, దారి మీకు కొత్త కాదు.

ఇట్లు,
బావి సొంతదారు