ప్యాంగ్‌చాంగ్‌లో ఈవ్ మ్యూర్‌హెడ్ చేసింది తప్పు కాదు

స్కాట్లాండ్ కర్లింగ్ క్రీడాకారిణి ఈవ్ మ్యూర్‌హెడ్ కెరీర్‌ను చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఆఖరి రాయితో కాంస్యం పోగొట్టింది, 2022 బీజింగ్‌లో స్వర్ణం గెలిచి ఆ తప్పు దిద్దుకుంది అని. నేను దీన్ని ఒప్పుకోను. ప్యాంగ్‌చాంగ్‌లో ఆమె గురి తప్పిన మాట నిజమే కానీ, నిర్ణయం తప్పలేదు.

ఈ ఆట మనకు కొత్త కాబట్టి కాస్త వివరం. దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయిని మంచు మీద జారవిడుస్తారు. అవతలి చివర గీసిన వలయాల నడిబొడ్డుకు ఎవరి రాయి దగ్గరగా ఆగితే పాయింట్లు వాళ్లవి. మన రాయి చేరడం ఎంత ముఖ్యమో, ఎదుటివాళ్ల రాయిని నెట్టేయడం కూడా అంతే ముఖ్యం. క్యారమ్స్ ఆడినవాళ్లకు ఈ కిటుకు ఇట్టే పట్టుబడుతుంది. జట్టుకు ఎనిమిది రాళ్ల చొప్పున వేస్తే ఒక ఎండ్ పూర్తవుతుంది. మ్యాచ్‌కు అలాంటివి పది. ఎండ్‌లో ఆఖరి రాయి వేసే అవకాశమే హ్యామర్. పాయింటు తెచ్చుకున్న జట్టు తర్వాతి ఎండ్‌లో హ్యామర్‌ను ఎదుటివాళ్లకు ఇచ్చేయాలి. అసలు లెక్కంతా ఇక్కడే ఉంది.

జపాన్‌తో కాంస్య పోరులో పదో ఎండ్‌కు వచ్చేసరికి బ్రిటన్ 3-4తో వెనకబడింది. ఆఖరి రాయి మ్యూర్‌హెడ్ చేతిలో ఉంది. ఒక పాయింటుతో సరిపెట్టుకుంటే స్కోరు సమమై ఎక్స్‌ట్రా ఎండ్ వస్తుంది, కానీ అందులో హ్యామర్ జపాన్‌ది. రెండు పాయింట్లు వస్తే అక్కడికక్కడే పతకం. ఆమె రెండింటికి వెళ్లింది. గురి కుదరక జపాన్ రాయే మధ్యకు దగ్గరగా మిగిలింది. 3-5. టెన్షన్‌లో తొందరపడిందన్నారు. కానీ ఆ స్థాయిలో హ్యామర్ లేకుండా ఎక్స్‌ట్రా ఎండ్ గెలవాలంటే ఎదుటి కెప్టెన్ పొరపాటు కోసం ఎదురుచూడటమే. గెలుపు తన చేతిలో ఉన్నప్పుడే ప్రయత్నించడాన్ని తొందరపాటు అనలేం.

అప్పటికి ఆమె కొత్త ప్లేయరేమీ కాదు. తండ్రి గోర్డన్ 1999లో ప్రపంచ చాంపియన్. తను నాలుగు ప్రపంచ జూనియర్ టైటిళ్లు గెలిచింది. 19 ఏళ్లకే 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ జట్టును నడిపించింది. 2013లో ప్రపంచ టైటిల్, మరుసటి ఏడాది సోచి ఒలింపిక్స్‌లో కాంస్యం.

నన్ను ఎక్కువగా కదిలించేది 2021. తుంటి ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చిన ఆమె జట్టు కాల్గరీ ప్రపంచ పోటీల్లో నేరుగా ఒలింపిక్ బెర్త్ సాధించలేకపోయింది. దాంతో జట్టును పక్కన పెట్టి, స్క్వాడ్‌లోంచి కొత్తగా ఎంపిక చేస్తామన్నారు. పదేళ్లకు పైగా కెప్టెన్‌గా ఉన్న మనిషి తన చోటు కోసం చిన్నవాళ్లతో పోటీపడాల్సి వచ్చింది. ఆమె పోటీపడింది. కోవిడ్ రోజుల్లో నర్సుగా ఆస్పత్రి డ్యూటీకి వెళ్లిన విక్కీ రైట్, జెన్ డాడ్స్, హేలీ డఫ్, మిలీ స్మిత్‌లతో కలిసి డిసెంబరులో నెదర్లాండ్స్‌లో జరిగిన ఆఖరి అర్హత పోటీ గెలిచింది.

బీజింగ్‌లోనూ దారి సాఫీగా లేదు. లీగ్ దశలో ఐదు గెలుపులు, నాలుగు ఓటములు. జపాన్, కెనడాలవీ అవే అంకెలు. మ్యాచ్‌కు ముందు హ్యామర్ ఎవరిదో తేల్చడానికి మధ్యకు వేసే రాళ్ల దూరాల సగటు చూసి ముందుకెళ్లే జట్లను తేల్చారు. కెనడా ఇంటికెళ్లింది.

సెమీస్‌లో స్వీడన్‌కు మొదటి ఎండ్‌లోనే నాలుగు పాయింట్లు ఇచ్చేశారు. అయినా తొమ్మిదో ఎండ్‌లో నాలుగు రాబట్టి బ్రిటన్ 11-10తో ముందుకొచ్చింది. పదో ఎండ్‌లో స్వీడన్ ఒక పాయింటుతో సమం చేసింది. ఎక్స్‌ట్రా ఎండ్‌లో హ్యామర్ బ్రిటన్‌ది. మ్యూర్‌హెడ్ 12-11తో ముగించింది. 2018లో సమం చేసి ఉంటే తనకు ఏ పరిస్థితి ఎదురయ్యేదో, ఇక్కడ స్వీడన్‌కు సరిగ్గా అదే ఎదురైంది.

ఫైనల్‌లో నాటి జపాన్ కెప్టెన్ ఫుజిసావా జట్టునే 10-3తో ఓడించింది. అదే ఏడాది ఆగస్టులో, 32 ఏళ్లకు రిటైరైంది. ఇకనైనా ప్యాంగ్‌చాంగ్ నిర్ణయాన్ని ఆమె తప్పుల పట్టీలోంచి తీసేయాలి.