బుల్లెట్ క్లస్టర్ ఫొటోలో నీలం రంగు ఉత్త బొమ్మేనా?

"కనపడని డార్క్ మ్యాటర్‌కు మ్యాప్ ఏమిటి? బుల్లెట్ క్లస్టర్ ఫొటోలో నీలం రంగు కంప్యూటర్‌లో పూసిందే, మిగతాది లెక్కల గారడీ" అనే వాదన బాగా షేర్ అవుతోంది. బుల్లెట్ క్లస్టర్ అంటే ఢీకొన్న రెండు గెలాక్సీల గుంపులు. ఆ ఫొటోలో నీలం, ద్రవ్యరాశి ఎక్కడ పోగుపడిందో చూపుతుంది; అందులో ఎక్కువ భాగం వెలుగివ్వని డార్క్ మ్యాటరే. సైన్స్ అంటే ఇష్టమున్న పిల్లలు కూడా నమ్మేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు చెప్పాలి.

"రంగు పూశారు." నిజమే, పూశారు. వేడి వాయువు నుంచి వచ్చే ఎక్స్‌రేలు కంటికి కనపడవు కాబట్టి, వాటిని చూపే గులాబీ రంగూ పూసిందే. కానీ ఏ రంగు ఎక్కడ ఎంత చిక్కగా ఉండాలో కొలతే చెబుతుంది. క్లస్టర్‌కు ఎంతో వెనక వేల మసక గెలాక్సీలుంటాయి. మధ్యలోని ద్రవ్యరాశి వాటి కాంతిని వంచినప్పుడు ఒక్కోదాని ఆకారం రవ్వంత సాగుతుంది. ఒక్క గెలాక్సీని చూస్తే ఏమీ తేలదు, అది పుట్టుకతోనే కోలగా ఉండొచ్చు. చాలా గెలాక్సీల సగటు తీస్తే మాత్రం సొంత వాలులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, అన్నీ ఒక కేంద్రం చుట్టూ కొద్దిగా ఒరిగిన తీరు బయటపడుతుంది. ఆ ఒరుగుదలను బట్టే ద్రవ్యరాశి ఎక్కడ పోగుపడిందో లెక్కగడతారు. టెలిస్కోప్ వల్ల వచ్చే వంకరను, అదే ఫొటోలోని నక్షత్రాల ఆకారం చూసి ముందే సరిచేస్తారు.

"వంపు గీతలు ఆ క్లస్టర్‌లోవే." కొన్ని క్లస్టర్ల ఫొటోల్లో వెనకున్న గెలాక్సీలు బాగా సాగి విల్లులాంటి గీతలుగా కనిపిస్తాయి. ఏబెల్ 370 అనే క్లస్టర్‌లోని పెద్ద వంపు గీత గురించి 1980ల్లో ఈ అనుమానం నిజంగానే ఉండేది. వర్ణపటం తీశాక తీరిపోయింది. కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే రెడ్‌షిఫ్ట్ ఎక్కువైతే దూరమూ ఎక్కువే. క్లస్టర్ రెడ్‌షిఫ్ట్ 0.375, గీతది 0.724. అది చాలా వెనకున్న గెలాక్సీ.

"బరువంతా వేడి వాయువుదే." క్లస్టర్లలో వాయువు నక్షత్రాలన్నిటికంటే బరువైనదే, కాబట్టి ఇది అడగాల్సిన ప్రశ్నే. బుల్లెట్ క్లస్టర్‌లో రెండు గుంపులు ఢీకొన్నాయి. గెలాక్సీలు ఒకదాన్నొకటి తాకకుండా దూసుకుపోయాయి, వాయువు మాత్రం రాసుకుని వెనకబడింది. బరువంతా వాయువుదే అయితే కాంతి ఎక్కువగా వంగేది అక్కడే. 2006లో డగ్లస్ క్లో బృందం కొలిచి చూస్తే, ద్రవ్యరాశి శిఖరాలు వాయువును వదిలి గెలాక్సీల దగ్గర తేలాయి.

"లెక్కలను కావాల్సినట్టు సర్దుకుంటారు." దీనికి జవాబు ఆకాశమే ఇచ్చింది. 2014 నవంబర్‌లో మాక్స్ జె1149 అనే క్లస్టర్ వెనక పేలిన ఒకే నక్షత్రం (సూపర్నోవా), దాని కాంతి వేర్వేరు దారుల్లో వంగి రావడంతో, నాలుగు బొమ్మలుగా హబుల్ టెలిస్కోప్‌కు దొరికింది. దానికి రెఫ్స్‌డాల్ అని పేరు పెట్టారు. క్లస్టర్‌లో ద్రవ్యరాశి పంపకాన్ని బట్టి, మరో దారిలో వచ్చే కాంతి ఆలస్యంగా చేరుతుందనీ, ఫలానా చోట ఇంకో బొమ్మ కనపడుతుందనీ వేర్వేరు జట్లు ముందే లెక్కగట్టి ప్రచురించాయి. 2015 డిసెంబర్ 11న హబుల్ చూసింది. చెప్పిన చోటే ఉంది. జరగనిదాన్ని ముందే సర్దిపెట్టడం ఎవరి తరం?

ఈ పద్ధతికి హద్దులు లేవని కాదు. సమంగా పరుచుకున్న ద్రవ్యరాశిని ఆకారాల సాగుడుతో మాత్రమే పట్టలేం. వేర్వేరు దూరాల్లోని గెలాక్సీలను వాడి ఆ లోటు తగ్గిస్తారు.

ఇక "సిద్ధాంతానికి తగ్గట్టే మ్యాప్ గీస్తారు" అనే ఆఖరి మాట. 2020లో మాస్సిమో మెనెగెట్టి, ప్రియంవద నటరాజన్ తదితరులు క్లస్టర్లలోని చిన్న ముద్దలు కాంతిని ఎంత బలంగా వంచుతున్నాయో పరిశీలించారు. డార్క్ మ్యాటర్ సిద్ధాంతంతో కంప్యూటర్లో నడిపిన నమూనాలు (సిమ్యులేషన్లు) చెప్పినదానికి పది రెట్లకు పైగా తేడా వచ్చింది. సిద్ధాంతానికి ఇబ్బంది కలిగించే ఆ తేడాను దాచకుండా 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో అచ్చువేశారు.