ఊరే అడ్డం

మొరాకోలో మరాకేష్ నుంచి అట్లాంటిక్ తీరాన ఉన్న ఎస్సవీరాకు రోజూ పొద్దున్నే టూరిస్టు బస్సులు బయల్దేరతాయి. ఇవి ఎస్సవీరా చూపించడానికే వెళ్తాయని జనంలో ఒక అపోహ పాతుకుపోయింది. దూరం సుమారు 180 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే మూడు గంటల్లోపే చేరిపోవచ్చు. అయితే ఆగకుండా తీసుకెళ్తే దాన్ని రవాణా అంటారు, టూర్ అనరు.

కార్యక్రమం 7 గంటలకు మొదలవుతుంది. మరాకేష్ పాతబస్తీ సందుల్లో బస్సు పట్టదు కాబట్టి అక్కడ బస చేసినవాళ్లు కోట గుమ్మం దాకా నడిచి రావాలి. వచ్చేసరికి నాలుగైదు బస్సులు వరసగా నిలబడి ఉంటాయి, అన్నీ తెల్లవే. నంబరు ప్లేటు ఫోటో తీసుకోవడం క్షేమం. అంకెల మధ్యలో ఒక అరబిక్ అక్షరం ఉంటుంది, అది చదవడం రానివాళ్లకు నోటితో గుర్తుపెట్టుకోవడం కుదరదు. రంజాన్ నెలలో ఆ దేశం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతుంది. వాచీ మార్చుకోనివారు గంట ముందే వచ్చి, మిగతావాళ్ల సమయపాలన మీద ఒక అభిప్రాయానికి వస్తారు. అందరూ ఎక్కి, తలలు రెండుసార్లు లెక్కపెట్టి కదిలేసరికి 8.15.

సీటు ఎంపిక కూడా శాస్త్రమే. రోడ్డు దాదాపు నేరుగా పడమటికి పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు గనక పొద్దున కుడివైపు నీడ. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆ కుడివైపే దక్షిణమవుతుంది. పొద్దున తోసుకుని నీడ సీటు పట్టినవారే సాయంత్రం ఎండలో మాడతారు. ఈ టూర్ మొత్తంలో న్యాయంగా జరిగే పంపకం ఇదొక్కటే.

మొదటి మజిలీ షిషావా దగ్గర కాఫీ హోటల్. గైడు ఇచ్చేది 20 నిమిషాలు. ప్రయాణికులు 48 మంది, మరుగుదొడ్లు రెండు, తలకు రెండు నిమిషాలు. అంటే 48 నిమిషాలు. 20 అని ప్రకటించడం గైడు ధర్మం, 48 పట్టడం గణిత ధర్మం. పైగా గుమ్మం దగ్గర చిల్లర అడుగుతారు. ఏటీఎం నుంచి అప్పుడే పుట్టిన 200 దిర్హామ్‌ల నోటు చాపితే వరస ఆగిపోతుంది. ఒకటి, రెండు, అయిదు దిర్హామ్‌ల నాణేలు ముందురోజే పోగుచేసుకోవాలి.

తరవాత మేకలు. అర్గాన్ చెట్టు కాయల కోసం మేకలు నిజంగానే చెట్టెక్కుతాయి, అందులో మోసం లేదు. కాయలు పండేది ఎండాకాలంలో. బస్సులు మాత్రం ఏడాది పొడుగునా వస్తాయి. అందుకని రోడ్డు పక్క చెట్లలో కొన్నిటికి మేకలను మనుషులే ఎక్కించి, కొమ్మలకు కట్టేసి నిలబెడతారు. ఫోటో తీశాక పది, ఇరవై దిర్హామ్‌లు ఇవ్వాలి. ఎండలో గంటల తరబడి కదలకుండా నిలబడ్డ ఆ ఉద్యోగికి అందులో వాటా ఎంతో మాత్రం ఎవరూ అడగరు.

ఆపైన అర్గాన్ నూనె సహకార సంఘం. ఆడవాళ్లు రాయి మీద రాయితో కాయ పగలగొడుతుంటారు. లీటరు నూనెకు 30 కిలోల కాయలు తక్కువ కాదు, ఆ శ్రమకు దణ్ణం పెట్టాల్సిందే. వేయించిన పప్పుతో తీసింది వంటకు, పచ్చి పప్పుతో తీసింది ఒంటికి. ఒంటి నూనె ఘుమఘుమలాడుతుంటే సీసా అక్కడే పెట్టేయండి. కమ్మటి వాసన వంట నూనెది. చేతిసంచీతోనే విమానమెక్కేవాళ్లు పావు లీటరు కొంటే అది విమానాశ్రయం చెత్తబుట్టకు నైవేద్యం. 100 మిల్లీలీటర్లు దాటితే లోపలికి రానివ్వరు.

ఊరు కనబడే గుట్ట మీద ఫోటో కోసం ఇంకో పది నిమిషాలు ఆగి, 12.50కి బస్సు ఎస్సవీరా చేరుతుంది. 4 గంటలకు వెనక్కి. పార్కింగ్ నుంచి రాకపోకల నడకకు 30 నిమిషాలు, గైడు వెంట గంట, భోజనానికి గంటంబావు. మిగిలింది 25 నిమిషాలు. పన్నెండు గంటల పైచిలుకు రోజులో ఊరి వాటా అంతే. అసలు కంటే వడ్డీ ముద్దన్న మాట ఇక్కడ టైంటేబుల్ రూపంలో అచ్చయి దొరుకుతుంది.

ఆ గంటలో గైడు చెప్పేది శ్రద్ధగా వినాలి. 1760లలో సుల్తాన్ మహమ్మద్ బిన్ అబ్దల్లా ఫ్రెంచి ఇంజనీరు కోర్నూ చేత గీయించిన ప్లాను, అందుకే వీధులు తిన్నగా ఉంటాయి. సముద్రం వైపు బురుజు మీద స్పెయిన్‌లో పోతపోసిన కంచు ఫిరంగులున్నాయి. 2001లో పాతబస్తీ యునెస్కో జాబితాకెక్కింది. ఇదంతా నిజం. గిటారు వీరుడు జిమీ హెండ్రిక్స్ ఇక్కడి శిథిల కోటను చూసి పాట కట్టాడన్నది మాత్రం కొంచెం చిక్కు. ఆయన వచ్చింది 1969లో, పాట విడుదలైంది 1967లో. మహానుభావులకు దూరదృష్టి ఉంటుందని సరిపెట్టుకోవాలి.

రేవు దగ్గర చేపలు కాల్చిపెడతారు. చేపను ఎంచుకుని, తూకం వేయించి, ధర ఖాయం చేసుకున్నాకే నిప్పు మీదికి పంపాలి. కాలిన చేపకు బేరం ఉండదు.

ఇక గాలి. లోపల ఎడారి నేల కాగుతుంది, బయట చల్లటి సముద్ర ప్రవాహం. ఆ తేడా వల్ల వేసవి మధ్యాహ్నాల్లో ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతుంది. మరాకేష్‌లో 40 డిగ్రీలుంటే ఇక్కడ మామూలుగా పాతిక దాటదు. ఉక్కకు తగ్గట్టు పల్చటి బట్టల్లో వచ్చినవారు బీచిలో పడుకోబోయి, ఇసుక తిని లేస్తారు.

ఇన్ని చిక్కులకూ మూలం ఊరే కాబట్టి మా ప్రతిపాదన ఒక్కటి. వచ్చే సీజన్ నుంచి ఎస్సవీరాను టూర్‌లోంచి తొలగించాలి. బస్సు మేకల దగ్గర నుంచే వెనక్కి తిరిగితే 25 నిమిషాల నష్టానికి కొన్ని గంటల లాభం. ఆ గంటల్లో ఇంకో రెండు నూనె దుకాణాలు చూపించవచ్చు. తీరవాతావరణం కోసం షిషావా హోటల్ పెరట్లో రెండు పెద్ద ఫ్యాన్లు, ఒక గంప ఇసుక చాలు. సముద్రపు కాకులను ఎవరు సరఫరా చేయాలన్నది తేల్చడానికి కమిటీ వేసుకోవచ్చు, దానికి గడువు 20 నిమిషాలు.