సవరణ: మోటుపల్లి అభయ శాసనం రుద్రమదేవిది కాదు

కాకతీయుల కాలం మీద తయారుచేస్తున్న కార్డుల ఆటలోంచి మొన్న ‘మోటుపల్లి రేవు’ కార్డు బొమ్మ పెట్టాను. అక్కడి అభయ శాసనం రుద్రమదేవి వేయించిందని దాని మీద రాశాను. అది తప్పు. వేయించింది ఆమె తండ్రి గణపతిదేవుడు, 1244లో. అచ్చయిన శాసన పాఠం చూశాకే తెలిసింది. మార్కో పోలో ఈ రేవు గురించి చెబుతూ రాణిని మెచ్చుకున్నాడు. ఆ రెండూ కలిపేసింది నేనే.

కార్డు పని మాత్రం మారదు. తుపానుకు ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోమని ఈ శాసనం వర్తకులకు మాటిచ్చింది. అందుకే ఈ ముక్క చేతిలో ఉంటే ‘తుపాను’ పడినా టెన్షన్ లేదు, ముప్పైకి ఒక వంతు సుంకం కట్టి మిగతా సరుకు ఉంచుకోవచ్చు. ఆ ముప్పయ్యో వంతు కూడా శాసనంలోదే, నా కల్పన కాదు.

బొమ్మే మళ్లీ గీయాలి. ఒడ్డున రాణి బదులు గణపతిదేవుడు వస్తాడు, వెనక విరిగిన తెరచాప కొయ్య అలాగే ఉంటుంది. పాతది ప్రింట్ తీసుకున్నవాళ్లు పక్కన పడేయండి.