స్లో అటాకర్‌కి టర్న్ ఎవరు తెచ్చిపెట్టాలి?

పోకెమాన్ పోటీ ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏదో ఒక రోజు స్టాట్స్ అన్నీ ముందేసుకుని అటాక్‌లో పెద్ద అంకె దేనికుందా అని వెతుకుతారు. నేనూ వెతికాను. రాంపర్డోస్ దొరికింది. బేస్ అటాక్ (పుట్టుకతో ఉండే అటాక్ అంకె) 165. లెజెండరీ కాని వాటిలో దాని దరిదాపులకు వచ్చేవే చాలా తక్కువ. పక్కనే స్పీడ్ 58 అని కనబడుతూనే ఉంది, కానీ చాయిస్ స్కార్ఫ్ అనే ఐటమ్ కడితే స్పీడ్ ఒకటిన్నర రెట్లు అవుతుంది కదా అనుకుని కట్టేశాను. లెవెల్ 50లో స్పీడ్‌కి ఈవీలు (మనం పంచుకునే అదనపు పాయింట్లు) పూర్తిగా పోసి, స్పీడ్ పెంచే జాలీ నేచర్ పెట్టి, స్కార్ఫ్ కూడా కలిపితే 181 వచ్చింది. గార్‌చాంప్ తన వేగాన్ని ఎంత పెంచుకున్నా ఐటమ్ లేకుండా 169 దగ్గర ఆగిపోతుంది కాబట్టి దాన్ని దాటాను. డ్రాగాపుల్ట్ మాత్రం ఏ స్కార్ఫూ లేకుండానే 213. పైగా స్కార్ఫ్ కట్టాక ఒకే మూవ్‌కి అతుక్కుపోవాలి, నేచర్‌తో రావాల్సిన అటాక్ పెంపు పోయింది, హెడ్ స్మాష్ అనే దాని మూవ్ తగిలిన ప్రతిసారీ మనం చేసిన డ్యామేజ్‌లో సగం మనకే తిరిగి తగులుతుంది. వేగం కోసం బలాన్ని అమ్ముకున్నాను, తీరా ఆ వేగం కూడా చాల్లేదు.

వరసగా ఓడిపోయాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. స్లో అటాకర్‌ని ఫాస్ట్ చెయ్యాలనే ఆలోచన మానుకోవాలి. మ్యాచ్ మొత్తంలో దానికి కొట్టే అవకాశం ఉన్న టర్న్‌లు ఎన్ని దొరుకుతాయి, ఆ టర్న్‌లు ఆరుగురి టీమ్‌లో మిగతా ఐదుగురిలో ఎవరు తెచ్చిపెడతారు అని లెక్కేసుకోవాలి. టీమ్ కట్టేటప్పుడు ఈ లెక్క వేసుకోకుండా బలమైనదాన్ని చూసి మురిసిపోయి పెట్టుకుంటే అది బెంచీ మీదే ఉండిపోతుంది, లేదా వచ్చిన మొదటి టర్న్‌లోనే పడిపోతుంది.

లెక్క నిజానికి చాలా చిన్నది. ఎదుటివాడు మనకంటే ముందు కొడతాడు, వాడికి మనల్ని పడగొట్టడానికి రెండు దెబ్బలు కావాలి, మనకి వాణ్ణి పడగొట్టడానికి ఒక్క దెబ్బ చాలు అనుకోండి. వాడు కొట్టాడు, మనం నిలబడ్డాం, మనం కొట్టాం, వాడు పోయాడు. గెలిచాం. కానీ ఇప్పుడు మన దగ్గర సగం హెచ్‌పీ ఉంది, ఎదుటివైపు నుంచి ఇంకో ఫాస్ట్ అటాకర్ తాజాగా వస్తుంది, అది మొదటి దెబ్బకే మనల్ని లేపేస్తుంది. అంటే ఒకటికి ఒకటి. అంత పెద్ద అటాక్ ఉండి ఒకటికి ఒకటే దక్కితే దాని వల్ల మనకి మిగిలింది ఏమీ లేదు. ఆ మొదటి దెబ్బ తినకుండా లోపలికి రాగలిగితేనే రెండో దెబ్బ కొట్టే అవకాశం వస్తుంది, లాభం మొదలయ్యేది అక్కడే.

అందుకే స్లో అటాకర్‌కి తట్టుకునే శక్తి కూడా అటాక్‌లో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను. రాంపర్డోస్‌ డిఫెన్స్ 60, స్పెషల్ డిఫెన్స్ 50. రైపీరియర్ అటాక్ 140 మాత్రమే, స్పీడ్ ఇంకా తక్కువ, 40. కానీ హెచ్‌పీ 115, డిఫెన్స్ 130, సాలిడ్ రాక్ ఎబిలిటీ వల్ల సూపర్ ఎఫెక్టివ్ దెబ్బలు కూడా పావు వంతు తగ్గుతాయి. కాగితం మీద 25 పాయింట్ల అటాక్ తక్కువే, ఆటలో మాత్రం రైపీరియర్ కొట్టే దెబ్బల సంఖ్య ఎక్కువ. ఐరన్ హ్యాండ్స్‌ని చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. హెచ్‌పీ 154, అటాక్ 140, స్పీడ్ 50. దానికి అసాల్ట్ వెస్ట్ తొడిగితే స్పెషల్ డిఫెన్స్ ఒకటిన్నర రెట్లు అవుతుంది, డ్రెయిన్ పంచ్ కొడితే చేసిన డ్యామేజ్‌లో సగం హెచ్‌పీగా తిరిగొస్తుంది. ముందు తిని తర్వాత కొట్టేవాడికి ఆ తిరిగొచ్చే హెచ్‌పీ ఇంకాస్త ఎక్కువగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే దెబ్బ తగిలాకే కదా మందు పనిచేసేది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, ఎందుకంటే స్లో అంటే పనికిరానిది అనే భయం ఆ రోజుల నుంచే వచ్చిందని నా అనుమానం. మొదటి తరం గేముల్లో క్రిటికల్ హిట్ పడే అవకాశం కూడా బేస్ స్పీడ్ మీదే ఆధారపడేది, మామూలు మూవ్‌కి స్పీడ్‌ని 512తో భాగిస్తే ఎంతో అంత. టారోస్ స్పీడ్ 110 కాబట్టి దాదాపు ఐదు దెబ్బలకి ఒకటి క్రిటికల్ పడేది. స్నార్లాక్స్ స్పీడ్ 30, దానికి ఆరు శాతం కూడా లేదు. ముందు కొట్టేవాడికే గట్టిగా కొట్టే అదృష్టం కూడా ఇచ్చారన్నమాట. అయినా స్నార్లాక్స్ ఆ రోజుల్లో కూడా పెద్ద పేరున్నదే, దాని హెచ్‌పీ 160 వల్ల. రెండో తరంలో క్రిటికల్‌కి, స్పీడ్‌కి ఉన్న ముడి తెగింది.

2006లో డైమండ్, పెర్ల్ గేములతో ట్రిక్ రూమ్ అనే మూవ్ వచ్చింది. నెమ్మదైనవి ముందు కొడతాయి, వేగమైనవి తర్వాత కొడతాయి. స్లో అటాకర్ అనగానే అందరూ చెప్పే మందు ఇదే. మంచి మందే, కానీ మోతాదు చూడకుండా వాడేస్తున్నారు. ట్రిక్ రూమ్ ఐదు టర్న్‌లు ఉంటుందని చదువుతాం. ఆ ఐదింటిలో వేసిన టర్న్ కూడా ఒకటి, పైగా ఆ మూవ్ ప్రయారిటీ (స్పీడ్‌తో పని లేకుండా ముందా వెనకా అని తేల్చే అంకె) మైనస్ ఏడు కాబట్టి ఆ టర్న్‌లో అందరూ కొట్టేశాకే అది పడుతుంది. అంటే మిగిలేవి నాలుగు. సింగిల్స్‌లో (ఒకరికి ఒకరు ఆడేది) అయితే వేసినవాడు పక్కకి తప్పుకుని అటాకర్ రావాలి, మామూలుగా స్విచ్ చేస్తే దానికి ఇంకో టర్న్, మిగిలేవి మూడు. ఎదుటివాడు ఒకసారి ప్రొటెక్ట్ (ఆ టర్న్‌కి దెబ్బ తగలకుండా కాపాడే మూవ్) వేశాడు, ఇంకోసారి తట్టుకునేదాన్ని లోపలికి తెచ్చాడు, అయిపోయింది. సింగిల్స్ టీమ్ మొత్తాన్ని ట్రిక్ రూమ్ మీదే నిలబెట్టేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లు ఓడిపోయాక తప్పు స్లో అటాకర్ మీదకి నెడతారు.

ఇద్దరికి ఇద్దరు ఆడే డబుల్స్ కథ వేరు. అక్కడ రూమ్ వేసేవాడి పక్కనే అటాకర్ నిలబడి ఉంటుంది, స్విచ్‌కి టర్న్ పోదు, నాలుగు టర్న్‌లూ దక్కుతాయి. వేసేవాణ్ణి కాపాడటం ఒక్కటే కష్టం. ఎదుటివాడు ఫేక్ అవుట్‌తో అదరగొట్టి ఆపచ్చు, అటాక్ కాని మూవ్‌లు వేయనివ్వని టాంట్ వేసి ఆపచ్చు. దానికీ దారులున్నాయి. ఆడ ఇండీడీ సైకిక్ సర్జ్ ఎబిలిటీతో సైకిక్ టెరైన్ పరిస్తే నేల మీద ఉన్నవాటికి ప్రయారిటీ మూవ్‌లు తగలవు, మ్యాజిక్ బౌన్స్ ఉన్న హ్యాటరీన్ మీద టాంట్ వేస్తే అది వేసినవాడికే తిరిగెళ్తుంది, ఫారిజిరాఫ్‌కి ఆర్మర్ టెయిల్ ఉంటే పక్కవాడికి కూడా ప్రయారిటీ దెబ్బల నుంచి రక్షణ. ఇన్ని ఏర్పాట్లు చేశాక ఆ రూమ్‌లో టోర్కోల్ ఏం చేస్తుందో చూడండి. స్పీడ్ 20. ఐవీ (పుట్టుకతో వచ్చే అదనపు పాయింట్లు) సున్నా పెట్టి, స్పీడ్ తగ్గించే నేచర్ పెడితే లెవెల్ 50లో 22కి దిగుతుంది. దాని ఎరప్షన్ పవర్ 150, కానీ హెచ్‌పీ తగ్గేకొద్దీ ఆ పవర్ కూడా తగ్గుతుంది. బయట అయితే ఈ మూవ్ దానికి పెద్దగా పనికిరాదు, దెబ్బ తిన్నాకే వంతు వస్తుంది కాబట్టి. రూమ్‌లో ముందు కొడుతుంది, నిండు హెచ్‌పీతో, డ్రాట్ తెచ్చిన ఎండ వల్ల ఇంకో ఒకటిన్నర రెట్లతో, ఎదుటి ఇద్దరికీ ఒకేసారి. టోర్కోల్ స్పెషల్ అటాక్ 85 అంటే ఎవరూ నమ్మరు.

సింగిల్స్ ఆడేవాళ్లకి నేను చెప్పేది, రూమ్ కంటే ముందు మీ పివట్ (మూవ్ వేస్తూనే తప్పుకుని ఇంకొకరికి చోటిచ్చేది) గురించి ఆలోచించండి అని. మామూలుగా స్విచ్ చేస్తే వచ్చేది దెబ్బ తింటూ వస్తుంది. కానీ మనకంటే ఫాస్ట్‌గా ఉన్న ఎదుటివాడు ముందు కొట్టేసి, ఆ దెబ్బ మన పివట్ తినేసి, ఆ తర్వాత అది తిరిగి వెళ్లిపోతే, వచ్చేవాడు ఒక్క గీత కూడా పడకుండా వస్తాడు. పివట్ ఎంత స్లోగా ఉంటే అంత మంచిది. ఎనిమిదో తరంలో టెలిపోర్ట్ ప్రయారిటీ మైనస్ ఆరుతో స్విచ్ చేసే మూవ్‌గా మారాక స్లోబ్రో, బ్లిస్సీ లాంటివి ఈ పని చేసేవి, ఇప్పుడు తొమ్మిదో తరంలో స్లోకింగ్‌కి చిల్లీ రిసెప్షన్ (మంచు కురిపించి తప్పుకునే మూవ్) ఉంది. స్పీడ్ 30 కాబట్టి దాదాపు ఎప్పుడూ చివరే కదులుతుంది, రీజనరేటర్ ఎబిలిటీ ఉంటే వెళ్లేటప్పుడు మూడో వంతు హెచ్‌పీ కూడా నింపుకుంటుంది.

ఈవీల దగ్గర నేను కొంచెం మాట మారుస్తున్నట్టు అనిపించచ్చు. వేగం కోసం పాకులాడొద్దన్నాను, అది డ్రాగాపుల్ట్‌ని అందుకోవాలనే తాపత్రయం గురించి. సింగిల్స్‌లో మన స్లో అటాకర్ పగలగొట్టాల్సింది గోడల్ని, ఆ గోడలు కూడా స్లోగానే ఉంటాయి. కార్విక్‌నైట్ స్పీడ్‌లో ఏమీ పెట్టకపోతే లెవెల్ 50లో 87. బేస్ స్పీడ్ 50 ఉన్నది 140 ఈవీలు పెడితే 88 అవుతుంది. అది రూస్ట్‌తో హెచ్‌పీ నింపుకునే లోపే మన దెబ్బ పడుతుంది. ఈ ఒక్క పాయింట్ కోసం పెట్టిన ఈవీలు వృథా కాదు. ట్రిక్ రూమ్ టీమ్‌లో మాత్రం ఇలాంటిది అసలు చెయ్యకూడదు, అక్కడ ప్రతి పాయింటూ కిందికే.

ఇక కింగంబిట్. 2022లో స్కార్లెట్, వయొలెట్‌తో వచ్చిన ఈ పోకెమాన్ స్పీడ్ 50. దీనికి రూమ్ అక్కర్లేదు, పివట్ ఉంటే సంతోషం, లేకపోయినా ఆడుతుంది. పడిపోయిన ఒక్కో తోటివాడికి దాని మూవ్‌ల పవర్ పది శాతం పెరుగుతుంది, ఐదుగురూ పోతే యాభై శాతం. అంటే టీమ్ మొత్తం ఓడుతూ దానికి టర్న్ సంపాదించి పెడుతుంది. చివరికి అదొక్కటే మిగిలి, ఎదుట ఫాస్ట్ అటాకర్లు రెండు ఉన్నప్పుడు సకర్ పంచ్ అనే ప్రయారిటీ మూవ్ ఉంటుంది. ఎదుటివాడు అటాక్ ఎంచుకుంటేనే అది తగులుతుంది, స్టేటస్ మూవ్ వేస్తే వట్టిపోతుంది. ఇక్కడ వచ్చే టెన్షన్ నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టం. వాడు కొడతాడా, కొట్టడా? సకర్ పంచ్ వేయాలా, ప్రయారిటీ లేని కౌటౌ క్లీవ్ వేయాలా? ఒక టర్న్‌లో రెండువైపులా ఒకరి మనసు ఒకరు చదవాలి, అంతవరకూ ఏ ఫాస్ట్ పోకెమాన్ కూడా హాయిగా ఊపిరి పీల్చుకోలేదు. దాని మీద ఫైటింగ్ దెబ్బ నాలుగు రెట్లు పడుతుంది, ఆ దెబ్బ కొట్టగలిగేవాటిని ముందే తీసేయడం మిగతా ఐదుగురి పని.

నేను ఇప్పుడు ఆడుతున్నది ఉర్సలూనా. అటాక్ 140, హెచ్‌పీ 130, స్పీడ్ 50, చేతిలో ఫ్లేమ్ ఆర్బ్, ఎబిలిటీ గట్స్. ఆర్బ్ వల్ల టర్న్ చివర కాలుతుంది, కాలాక గట్స్ అటాక్‌ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది, ఫసాడ్ అనే మూవ్ పవర్ 70 నుంచి 140కి వెళ్తుంది. చిక్కల్లా ఆ కాలే టర్న్ దగ్గరే, ఊరికే నిలబడి కాలితే అది పోయిన టర్న్. స్లోకింగ్‌తో అది కూడా తీరింది. ఎదుటివాడు ముందు కొడతాడు, స్లోకింగ్ తింటుంది, చిల్లీ రిసెప్షన్ వేసి వెళ్లిపోతుంది, అదే టర్న్‌లో ఉర్సలూనా నిండు హెచ్‌పీతో దిగుతుంది. మంచు కురుస్తుంది కానీ తొమ్మిదో తరంలో మంచుకి డ్యామేజ్ లేదు. టర్న్ ముగిసేలోపు ఆర్బ్ అంటుకుంటుంది. తర్వాతి టర్న్‌లో ఎదుటివాడు ఒక్క దెబ్బతో దాన్ని పడగొట్టలేకపోతే, ఫసాడ్‌కి ఎవర్ని ఎదురు నిలబెట్టాలో ఇప్పుడు వాడు తేల్చుకోవాలి.