మహారాజశ్రీ లాబ్రడార్ వారి సముఖానికి

మహారాజశ్రీ లాబ్రడార్ వారికి, బెజవాడలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు నుంచి తమరి పోషకుడు నమస్కరించి రాసుకునే మనవి. ఉభయకుశలోపరి. తమరు కుశలమే. నేనూ పర్వాలేదు. సోఫా సంగతే చెప్పలేను.

తమరి గురించి ఎవరినడిగినా ఒకటే మాట: "ల్యాబ్ అయితే ఏ బాధా లేదండీ, చాలా మంచి కుక్క, పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది." ఇందులో అబద్ధమేమీ లేదు. కుక్కల జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారి ఆదరణ జాబితాలో 1991 నుంచి 2021 దాకా వరసగా తమరిదే మొదటి స్థానం. మ్యానిఫెస్టో లేదు, హామీ లేదు, తోక ఊపి అన్నేళ్లు గెలిచారు. 2022లో ఫ్రెంచ్ బుల్‌డాగ్ వచ్చి ఆ కుర్చీ లాక్కుందనుకోండి, మా వీధిలో మాత్రం మెజారిటీ ఇప్పటికీ తమరిదే. తమరి మంచితనం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ మంచితనానికి రోజూ డ్యూటీ ఎవరు చెయ్యాలో ఎవరూ చెప్పరు, అదీ నా బాధ.

తమరి వంశం సామాన్యమైంది కాదు. కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ తీరంలో, ఎముకలు కొరికే నీళ్లలో దూకి జాలర్లకు వలలు లాగిన వంశం. జారిపోయిన చేపను నోట కరుచుకొచ్చిన వంశం. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు ఓడలెక్కించి తీసుకెళ్లి, తుపాకీ దెబ్బకు పడ్డ బాతుల్ని తెచ్చే పనిలో పెట్టారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ జాతిగా గుర్తించింది. ఆ వృత్తికి తగ్గట్టే వేళ్ల మధ్య చర్మం, నీళ్లు లోపలికి దిగని రెండు పొరల బొచ్చు, ఈతలో చుక్కాని పని చేసే లావాటి తోక. ఇంత సరంజామాతో వచ్చి దిగింది ఎక్కడికయ్యా అంటే రెండు బెడ్‌రూముల ఫ్లాటులోకి. ఆ తోక సరిగ్గా మా టీపాయ్ ఎత్తుకే ఉంది. ఇంట్లో గాజు గ్లాసులు పోయి స్టీలువి వచ్చాయి.

ఇక్కడ బాతులు లేవు, కాబట్టి చెప్పులు. పక్కింటివాళ్ల చెప్పు, అదీ ఒంటి చెప్పు, ఒక్క పంటిగాటు పడకుండా తెచ్చి నా పాదాల దగ్గర పెడతారు. నేను దాన్ని మళ్లీ వాళ్ల గుమ్మం ముందు పెట్టి దొంగలా వెనక్కొస్తాను. ఇంటికెవరొచ్చినా వట్టి నోటితో ఎదురెళ్లడం తమరికి మర్యాద కాదు. మొన్న అమ్మాయి సంబంధం మాట్లాడడానికి పెద్దమనుషులొస్తే, ఉతకాల్సిన బుట్టలోంచి నా చిల్లుల బనీను కరుచుకెళ్లి స్వాగతం పలికారు. సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదట. నాకు బనీను మీదే అనుమానం.

వాకింగ్ సంగతి. తమరు రాకముందు "పొద్దున నేను, సాయంత్రం తమ్ముడు" అని పిల్లలు ప్రమాణం చేశారు. ఆ ప్రమాణానికీ ఎన్నికల హామీకీ పెద్ద తేడా లేదు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండ తమరికి తెలియనిది కాదు. పాదాల కింద తప్ప తమరికి చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దిక్కు. రోడ్డు మీద నేను అరచేయి ఆనించి కాసేపు ఉంచలేకపోతే తమరి పాదాలూ కాలతాయని డాక్టరు చెప్పాక, పాలవాడికంటే ముందే లేచి బందరు కాలువ గట్టున నడుస్తున్నాం. నడుస్తున్నది నేను. తమరు లాగుతున్నారు. ఒకరోజు నీళ్లు చూడగానే తాతల నాటి రక్తం పొంగి బెల్టు తెంచుకుని దూకారు. గుర్రపుడెక్క మెడలో వేసుకుని గట్టెక్కి, అంత గట్టు ఖాళీగా ఉండగా సరిగ్గా నా పక్కకొచ్చి ఒళ్లు విదిలించారు. ఆ వాసనతో ఇంటికెళ్తే మా ఆవిడ ఇద్దరినీ బాల్కనీలోనే ఆపేసింది.

బొచ్చు గురించి రాయను. ఇడ్లీపిండిలో తీసి తీసి విసుగొచ్చింది.

అసలు విషయం తిండి. తమరి ఆకలికి శాస్త్రం అండ ఉందని తెలిసి నీరసం వచ్చింది. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు: తమరి జాతిలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క ఊడిపోయి, "కడుపు నిండింది, చాలు" అనే కబురు మెదడుకు సరిగ్గా అందదట. 2024లో అదే బృందం ఇంకోటి చెప్పింది. జన్యువులో ఆ లోపం ఉన్నవాళ్లు ఊరికే పడుకున్నప్పుడు దాదాపు 25 శాతం తక్కువ శక్తి ఖర్చు చేస్తారట. అంటే తినడం ఎక్కువ, ఖర్చు తక్కువ. తమరు ఆ నాలుగో వారేనని నా నమ్మకం.

డాక్టరుగారు తమరిని తూకం మీద నిలబెట్టారు. తమరి జాతి మగవాడికి 30 నుంచి 36 కిలోలు ఉండాలట. అంకె చూసి ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. పక్కల మీద చెయ్యి వేస్తే డొక్కలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనపడాలి అన్నారు. చెయ్యి వేశాం. మెత్తగా ఉంది. "ఏం పెడుతున్నారు?" అంటే ఇంట్లో ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. తరవాత విచారణలో తేలింది. కుక్క గడప దాటితే మడి చెడుతుందన్న మా అమ్మ, సాయంత్రం అయిదింటికి తన పళ్లెంలోంచి చపాతీ చిన్న ముక్కలు చేసి, నెయ్యి అద్ది, బల్ల కింద నుంచి అందిస్తోంది. "ముక్కే కదరా, పాపం ఎలా చూస్తాడో చూడు" అంటుంది. ఆ చూపు నాకు తెలుసు. అరగంట కిందటే గిన్నెడు అన్నం మింగి, మూడ్రోజులుగా పస్తున్నట్టు చూసే చూపు.

ద్రాక్ష పడదు, ఉల్లి పడదు, చాక్లెట్ పడదు అని ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. ఆ కాగితం తిన్నారు. నూజివీడు రసాల సీజన్లో టెంక అమాంతం మింగారు. మర్నాడు తమరు అన్నం ముట్టలేదంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. స్కానింగులో టెంక పేగుకు అడ్డం పడి ఉంది. ఆపరేషన్ చేసి తీశారు. ఆ బిల్లు పెడితే ఆ ఏడు తోటే కౌలుకు వచ్చేది. కుట్లు విప్పిన రోజే తమరు మళ్లీ మామిడి బుట్ట దగ్గర కనపడ్డారు.

తమరి తరఫున నేను పడ్డ తగువులూ ఉన్నాయి. "కుక్కలకు లిఫ్టు ప్రవేశం లేదు" అని అసోసియేషన్ వాళ్లు బోర్డు పెడితే, జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు ప్రింటు తీసి పక్కనే అంటించాను. అలా నిషేధించే అధికారం వాళ్లకు లేదని అందులో ఉంది. సెక్రటరీగారు వాదన మొదలుపెట్టబోతే తమరు ఆయన బూటు మీద కూర్చుని మోకాలికి ఆనుకున్నారు. కేసు అక్కడే కొట్టేశారు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం కూడా, ఎవరినైనా అలా కరిగించే తమరి తీరే. మా బావమరిది తమరి జాతి కూనను పెంచుకుంటానంటే, పైన రాసిందంతా వాడికి పూసగుచ్చినట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ తమరు వాడి ఒళ్లో తల పెట్టి, కనురెప్ప వెయ్యకుండా వాడి మొహమే చూశారు. "ఊరికే భయపెడుతున్నావు బావా" అన్నాడు. మర్నాడే అడ్వాన్సు ఇచ్చి ఫొటో పంపాడు. కూన వయసు నెల రోజులు. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదని కుక్కల అమ్మకాల మీద వచ్చిన 2017 నిబంధనల్లో ఉందిరా అన్నాను. "పాలు మరిచింది సార్ అని అమ్మేవాడు అన్నాడు బావా." తల్లిని చూశావా? "వేరే ఊళ్లో ఉందట." తల్లిదండ్రుల తుంటి ఎముకల ఎక్స్‌రేలు అడుగు, ఈ జాతికి పెద్దయ్యాక అక్కడే తిప్పలు అంటే, "నేనేమైనా పెళ్లిచూపులకు వెళ్తున్నానా?" అని నవ్వాడు.

వాళ్లది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లు ఎక్కలేకపోతే చంకలో పెట్టుకుని మోస్తానంటున్నాడు.

ఇట్లు,
బెల్టుకు రెండో కొసన ఉండే మనిషి